జోగమ్మ చూసిన మూడు సీజన్లు

"ఇన్‌స్పెక్టర్ కాత్యాయని" సీరియల్ మూడు సీజన్లలో ఏది మంచిదన్న దగ్గర సుభద్రమ్మకూ ఆమె వదిన జోగమ్మకూ ఏనాడూ మాట కలవలేదు. మొదటి సీజనే అసలు సీరియల్, తక్కిన రెండూ దాని పేరు చెప్పుకొని బతుకుతున్నాయని జోగమ్మ అంటుంది. మూడోదాని ముందు మొదటిది చిన్నపిల్లల ఆట అని సుభద్రమ్మ అంటుంది. రెండోదాన్ని ఇద్దరూ పెద్దగా పట్టించుకోరు. అది నడిమి పిల్ల లాంటిది. తన తిండి తను తిని, తన పాటికి తను పెరిగింది.

ఈ కొట్లాట జరిగేది మగ్గం మీద. గద్వాలలో వాళ్ల ఇంటి ముందరి గదిలో గుంత మగ్గం ఉంది. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. అడ్డంగా నేసే నూలు పోగు, అంటే పేక, అంచు మొదలు దాకా వచ్చి ఆగుతుంది. అంచు పేక అటునుంచి వచ్చి, దాన్ని వేలికి వేలు తగిలించినట్టు పట్టుకొని వెనక్కి తిరుగుతుంది. సూది లేకుండా, మగ్గం మీదనే పడే ఈ అతుకును కుట్టు అంటారు. ఒక్క మనిషి రెండు చేతులు దీనికి చాలవు. నేసే మనిషి గుంతలో నడుమ కూర్చుంటే, ఇంకొకరు పక్క జాగాలో కూర్చొని అంచు పోగు మోసే నాడెను విసరాలి. పోగు పోగుకూ రెండు పేకలూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయా లేదా అని చూసుకోవాలి. ఒక్కసారి పట్టు తప్పిందా, అక్కడ సందు పడుతుంది.

ఇరవై ఏడేళ్లు సుభద్రమ్మ మొగుడు నడుమ కూర్చున్నాడు, ఆమె పక్క జాగాలో కూర్చుంది. ఐదేళ్ల కింద అతను గుండె ఆగి పోయినప్పుడు, సగం నేసిన చీర మగ్గం మీదనే ఉండిపోయింది. దినాలు ముగిసిన మూడో నాడు అతని అక్క జోగమ్మ రాజోలి నుంచి ఒక రేకుపెట్టె పట్టుకొని దిగింది. ఆమెకూ మొగుడు లేడు, పిల్లలు లేరు. రాజోలిలో బావ కొడుకుల ఇంట్లో ఉండేది. అక్కడ తిండికి లోటు లేదు, చేతులకు పని లేదు.

"మగ్గం ఆగొద్దు సుభద్రా," అన్నది ఆమె, పెట్టె ఇంకా కింద పెట్టకుండానే. "నువ్వు తమ్ముని జాగల కూసో. నీ జాగల నేను కూసుంట."

అట్లా కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు.

సీరియల్ చూసేది మాత్రం ఎదురింట్లో. అక్తర్ బేగం చీరలకు ఫాల్ కుడుతుంది. ఆమె కొడుకు జుబేర్‌కు పాత బస్టాండు దగ్గర మొబైల్ దుకాణం ఉంది. గోడంత టీవీ తెచ్చి ఇంట్లో పెట్టింది అతనే. ఆదివారం మగ్గానికి సెలవు. అన్నాలు తిన్నాక ముగ్గురు ఆడవాళ్లూ రెండు ఎపిసోడ్లు చూసి, మిగిలిన వారమంతా వాటి మీద వాదులాడుకునేవాళ్లు. మొదటి సీజన్ మూడేళ్ల కిందటి వానాకాలంలో. రెండోది మరుసటి ఏడు. మూడోది ఈ ఏడు, మొన్న మొన్ననే అయిపోయింది.

ఆ మొన్ననే అరుణ్ కూడా వచ్చాడు. వీళ్లకు నూలూ పట్టూ ఇచ్చి చీరలు నేయించుకునే సేటు చిన్నకొడుకు. తయారైన చీరను గుమ్మం దగ్గరికి తీసుకుపోయి, వెలుతురుకు అడ్డంగా పట్టాడు. అంచు మొదట్లో మూడు చోట్ల సన్నగా ఎండ తొంగి చూసింది.

"చూడు అక్కా. ఒకటి, రెండు, మూడు. మీ ఇంటి చీరల నేను సందు చూసుడు ఇదే ఫస్టు."

పక్క జాగాలో జోగమ్మ పట్టు పోగు చుట్టిన కండెల బుట్ట ఒళ్లో పెట్టుకొని, మాట తనది కానట్టు కూర్చుంది.

"పెద్దమ్మ అలసిపోయినట్టుంది," అన్నాడు అరుణ్, నెమ్మదిగానే. "మా దగ్గర ఒక వయసు పిల్ల ఉన్నది. చెయ్యి చురుకు. తోల్కొచ్చి కూసోపెట్టమంటవా?"

"నాకు వద్దు."

"మగ్గం మీది చీర గూడ గిట్లనే వస్తే మాత్రం నేను అడగ. తోల్కొనే వస్త."

అతను పోయాక ఇద్దరూ మళ్లీ మగ్గం ఎక్కారు.

ఆ బుధవారం ఇంకో తప్పు బయటపడింది. మగ్గం మీదున్న చీరకు ఎండుమిరప రంగు అంచు. ముందటి చీరది కుంకుమ రంగు. ఆ పాత కండెలు నాలుగైదు అదే బుట్టలో మిగిలిపోయాయి. పొద్దున లేచి వెలుతురులో చూసుకుంటే, నిన్న సాయంత్రం నేసిన అంచులో నాలుగు వేళ్ల మేర కుంకుమ రంగు పడి ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే పసిపిల్లకైనా తెలిసే తేడా.

సుభద్రమ్మకు ఒళ్లు మండింది.

"వొదినా! మనసు ఏడ పెట్టుకొని నేసినవ్?"

జోగమ్మ వంగి అంచు మీద వేలు నిమిరింది. "నీ కొత్త ఇన్‌స్పెక్టర్ మీద పెట్టిన. రాత్రంత నాతోని కొట్లాడితివి గద, దాని తరఫున."

"నవ్వులాట గాదు. అరుణ్ చూసిండంటే ఏమైతది?"

"ఏమైతదో నాకెర్కే," అన్నది జోగమ్మ. ఈసారి గొంతులో నవ్వు లేదు.

ఇద్దరూ కూర్చొని ఆ నాలుగు వేళ్లూ విప్పదీశారు. పూట గడిచింది. విప్పుతున్నంతసేపూ సుభద్రమ్మ ఒకటే అనుకుంది: దీనికంతటికీ ఆ సీరియలే కారణం. ఆదివారం రెండు ఎపిసోడ్లు, ఆరు దినాల వాదన. చేతులు ఒక చోట, బుర్ర ఒక చోట. చివరికి తీర్పు చెప్పింది.

"ఈ చీర దిగేదాక సీరియల్ బంద్. ఈ ఆదివారం అక్తర్‌బీ మూడోది మల్ల మొదటికెల్లి పెడ్త అన్నది. మనం పోం."

"బంద్ చెయ్యి," అన్నది జోగమ్మ. "నాకేం?"

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని సుభద్రమ్మ అనుకోలేదు. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ నాడు కరెంటు పోతే, వానలో నెత్తిన గోనెసంచి కప్పుకొని జుబేర్ దుకాణానికి నడిచిపోయి, అతని ఫోన్లో హంతకుడి మొహం చూసి వచ్చిన మనిషి ఈమె. ఆ మనిషి ఇప్పుడు నాకేం అంటున్నది. కానీ పని ఉంది. నాడె అందుకుంది.

ఆదివారం వీళ్లు పోకపోతే, అక్తర్ బేగమే వచ్చింది. ఒక చేతిలో సేమియా గిన్నె, ఒక చేతిలో ఫోను.

"ఏందమ్మా, ఇద్దరు గలిసి నన్ను వెలేసిండ్రా?" అని గుమ్మంలోనే మొదలుపెట్టింది. "జర కూసోనియ్యుండ్రి. నాకొక పరేషాన్ వచ్చింది. నాగర్‌కర్నూల్ల మా చెల్లె యాస్మిన్ లేదా? దానికి కాలు విరిగింది. మంచం మీద ఉన్నది. సీరియల్ చూస్త అంటుంది. కాని మూడు సీజన్లు చూసే ఓపిక లేదట. ఒక్కటి చెప్పు, అదే చూస్త అంటుంది. నేను ఏది చెప్పాలె?"

"మొదటిది," అన్నది జోగమ్మ.

"మూడోది," అన్నది సుభద్రమ్మ.

"అందుకే వచ్చిన," అన్నది అక్తర్ బేగం, ముక్కాలిపీట లాక్కొని. "నేను జడ్జిని. జోగమ్మక్క పెద్దది, ముందు ఆమె చెప్పాలె. ఒక్కొక్క సీజన్‌ల ఏమున్నదో చెప్పుండ్రి. వట్టిగ బాగున్నది, బాగలేదు అంటే నేను రాసుకోను."

"నీకు రాసుడు వచ్చా?"

"మనసుల రాసుకుంట. చెప్పు."

జోగమ్మ సర్దుకొని కూర్చుంది. ఆమెకు ఇట్లాంటివి ఇష్టం.

"మొదటిది సముద్రం కాడి కత. ఆ సముద్రం నీలం గాదు, పొద్దున ఒక రంగు, మాపటికి ఒక రంగు. కాత్యాయనికి పసుపు స్కూటర్ ఉంటది. ఎడమదిక్కు మడ్‌గార్డు సొట్ట. ఆ సొట్ట ఎట్ల పడ్డదో ఆఖరి దాక చెప్పరు. ముక్కుకు చిన్న ముక్కెర. ఆలోచన వస్తే దాన్ని తిప్పుతది. ముత్యాల షాపాయన చచ్చి పడి ఉంటే, అందరు మొకం చూస్తరు. ఆమె కాళ్లు చూస్తది. ఒక కాలి మేజోడు తిరగేసి ఉంటది. ఐదో ఎపిసోడ్‌ల ఇంటికి పోయి చీర కట్టుకుంటది చూడు, ఆకుపచ్చ చీర, ఇటుక రంగు అంచు. గద్వాల చీర అని చెప్తది. తల్లి ఇచ్చింది అంటది. పైట జారినప్పుడు ఎనకదిక్కు కనపడ్డది. కుట్టు లేదు, పాడు లేదు. మిషన్ మీద గుద్దిండ్రు. నేను నవ్విన నవ్వుకు నీ ఇంట్ల పిల్లి పారిపోలేదా?"

"పారిపోయింది," అన్నది అక్తర్ బేగం. "రెండు దినాలు రాలేదు. సరే, రెండోది?"

"రెండోది కొండల కత. తప్పిపోయిన పెండ్లిపిల్ల. కత మంచిదే. కాని అంత మంచు ఎందుకు పెట్టిండ్రో! ఎవ్వరి మొకం సక్కగ కానరాదు. మంచుల నడుస్తరు, మంచుల మాట్లాడుతరు. పెండ్లిపిల్ల చీర ఎర్రదనుకుంట. దొరికినప్పుడు మాత్రం మంచిగనిపించింది. తల్లి ఏడ్సిన ఏడుపు ఇంక నా చెవులల్ల ఉన్నది."

"మూడోది?"

"అది చీకటి కొట్టు. మొత్తం చీకట్ల తీసిండ్రు. అపార్ట్‌మెంటు కత. కొత్త పిల్లను పెట్టిండ్రు, దానికి గొంతు లేదు. పీకల కెల్లి మాట్లాడుతది. లిఫ్టు కిర్రుమంటది, నల్లా కారుతది, ఎవడో మెట్లు ఎక్కుతడు. హంతకుడెవడో నేను రెండో ఎపిసోడ్‌లనే చెప్పిన గద? చెప్పు ఒకటి టపటప కొట్టుకుంటది వానిది. వాచ్‌మన్."

అది నిజమే. మొహం చూపించకుండా వట్టి నీడను నడిపించినప్పుడే, ఆ చెప్పుల మనిషే అని జోగమ్మ తేల్చేసింది. ఎనిమిదో ఎపిసోడ్‌లో అదే నిజమని తేలినప్పుడు, పోలీసోళ్లు ఈమెను పనిల పెట్టుకోవాలె అని అక్తర్ బేగం ఆ వీధంతా చెప్పుకొచ్చింది.

ఇప్పుడు మాత్రం అక్తర్ బేగం నొసలు ముడిచింది. "అంత మంచిగనే ఉన్నది కాని అక్కా, చీకటి ఏడిది? అదంత ఎండకాలం ఎండల తీసిండ్రు. మిద్దెల మీద బట్టలు ఆరేసుడు, పిల్లలు పతంగులు ఎగరేసుడు. నాకు చూస్తనే చెమట పోసేది. ఫ్యాను పెద్దగ పెట్టలేదా నేను?"

జోగమ్మ మోకాళ్ల మీద చీర సర్దుకుంది.

"నీ టీవీ పాతబడ్డదేమో," అన్నది జోగమ్మ. "జుబేర్‌కు చెప్పి బాగు చేపిచ్చుకో."

అక్తర్ బేగం పడీపడీ నవ్వింది. ఆ నవ్వులో సేమియా గిన్నె ఒరిగి కొంచెం చాప మీద పడింది. సుభద్రమ్మ బట్ట తెచ్చి తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆమె చెయ్యి ఆగిపోయింది.

మూడో సీజన్ మూడో ఎపిసోడ్‌లో చనిపోయినామె బీరువా తెరుస్తారు. లోపల ఒక చీర. గద్వాల చీర అని, దాని కోసమే గొడవ అని, అర నిమిషం సేపు టీవీ నిండా ఆ చీరే. మడతలు విప్పి, అంచు విప్పి, వెనకా ముందూ తిప్పి చూపించారు. వెనక కత్తిరించిన పోగుల కొనలు తేలి ఉన్నాయి. నేసేవాళ్లెవరూ దాన్ని కుట్టు అనరు. ఇప్పుడు వదిన ఇంత నోరు తెరిచి ఆ సీరియల్ తీసినవాళ్ల ఏడు తరాలను కడిగిపారేస్తుందని సుభద్రమ్మ నవ్వు ఆపుకొని కూర్చుంది. జోగమ్మ ఒక్క మాటన్నా అనలేదు. కొత్త ఇన్‌స్పెక్టర్ మీద అలిగి మాట్లాడటం లేదేమో అనుకుంది ఆనాడు.

అలగలేదు. ఆమె ఆ చీరను చూడలేదు.

మొదటిదాంట్లో మేజోడు తిరగేసి ఉండటం దాకా కనపడింది. రెండోదాంట్లో మంచు. మూడోదాంట్లో చీకటి, చెప్పుల చప్పుడు. సీజన్ల గురించి అడిగితే, జోగమ్మ తన కళ్ల గురించి చెప్పింది. రెండేళ్లుగా చెబుతూనే ఉంది. పక్కనే కూర్చున్న మనిషి వాదించింది తప్ప వినలేదు.

బుధవారం సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. పాత కండెలు ఎడమదిక్కు, కొత్తవి కుడిదిక్కు పెట్టుకునేది జోగమ్మ. మంగళవారం ఇల్లు ఊడుస్తూ, బుట్ట చిందరవందరగా ఉందని సర్దింది సుభద్రమ్మే. నువ్వు సర్దడం వల్లనే అని జోగమ్మ ఒక్క మాట అనలేదు. అంటే, సర్దితే ఏమాయె, రంగు కనపడదా అని అడుగుతారు కదా.

అక్తర్ బేగం పోతూ పోతూ, తీర్పు వాయిదా వేసింది.

సోమవారం పొద్దున మగ్గం ఎక్కేముందు సుభద్రమ్మ కండెల బుట్ట వైపు చూసింది. కాత్యాయని అయితే రెండు కండెలు అటూ ఇటూ మార్చి పెట్టి, దూరంగా నిలబడి చూసేది. సుభద్రమ్మకు చెయ్యి రాలేదు. మిరప రంగువి కుడిదిక్కే పెట్టి, కుంకుమవి అక్కడినుంచి తీసేసింది. తర్వాత రెండు గ్లాసుల్లో చాయ్ పోసి తెచ్చి, ఒకటి జోగమ్మ చేతికే అందించింది. ముందు పెట్టి ఊరుకోలేదు. ఈమధ్య ముందు పెట్టినవి ఎన్నిసార్లు ఒలికాయో ఇప్పుడు లెక్కకొస్తున్నది.

మొదటి సీజన్‌లో కాత్యాయని ఎవరినీ నువ్వు చేశావని అనదు. చాయ్ ఇచ్చి, వేరెవరిదో కథలాగా చెబుతుంది.

"వొదినా, నాలుగో సీజన్ కత చెప్పాల్నా?"

"ఇంక తియ్యలేదు గద."

"తీసిండ్రు. నేను చూసిన."

"ఏడ?"

"ఈడనే, మగ్గం మీద. ఒక ఊర్ల ఇద్దరు ఆడోళ్లు. ఒకామె నడుమ కూసుంటది, ఇంకొకామె పక్కన. పక్కనున్నామెకు కన్ను మసకేసింది. ఏడాదిగ, రెండేండ్లుగ. ఎవ్వరికి చెప్పలే. వేలుతోని తడిమి కుట్టు పట్టుకుంటది. రంగులు జాగ చూసి గుర్తు పెట్టుకుంటది. సీరియల్ చెవులతోని చూస్తది."

జోగమ్మ గ్లాసు కింద పెట్టలేదు. తాగనూలేదు.

"హంతకుడెవడు?" అన్నది.

"హంతకుడు లేడు. కాని నడుమ కూసున్నదే, అది పెద్ద దున్నపోతు. పక్కలనే ఉండి కనిపెట్టలేదు. పైకెల్లి మనసు ఏడ పెట్టినవ్ అని తిట్టింది."

జోగమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటే కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. కొంగుతో తుడుచుకుంది.

"దున్నపోతును ఏమనకు. ఆమె నా మరదలు," అన్నది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "ఎట్ల దొరికిన?"

"బీరువల చీరను తిట్టలే నువ్వు. మూడో సీజన్‌ల."

"బీరువల చీర ఉన్నదా?" జోగమ్మ నిజంగా ఆశ్చర్యపోయింది. "చీర గురించి ఏదో మాట్లాడిండ్రు గని, చూపిచ్చిండ్రా?"

"అర నిమిషం చూపిచ్చిండ్రు. గద్వాల చీరనట."

"కుట్టుదేనా?"

"ఏం కుట్టు? వెనకంత కత్తిరించిన పోగులే."

"అయ్యో," అన్నది జోగమ్మ, ఏదో పెద్ద పండుగ తప్పిపోయినట్టు.

సుభద్రమ్మ దగ్గరికి జరిగింది. "వొదినా, అక్తర్‌బీ పెనిమిటి అజీజ్ భాయికి పోయినేడు వనపర్తి దవాఖానల కంటి పొర తీసిండ్రు. పదిహేను నిమిషాల పని అన్నడు. ఇప్పుడు ఎదురింట్ల కూసోని మన క్యాలెండర్ల తారీకు చెప్తడు. పోదాం."

"పోను."

"భయమా?"

"కత్తికి ఏం భయం?" జోగమ్మ చేత్తో పక్క జాగా చెక్కను తడిమింది. ఆమె ఐదేళ్లు, అంతకు ముందు సుభద్రమ్మ ఇరవై ఏడేళ్లు కూర్చొని కూర్చొని, చెక్క నున్నగా గుంట పడి ఉంది. "నెల దినాలు మగ్గం ఎక్కొద్దంటరు. అజీజ్‌కు గట్లనే పని వద్దని చెప్పిండ్రు. ఆ నెల అరుణ్ ఊకుంటడా? ఆ పిల్లను తెచ్చి ఈడ కూసోపెడ్తడు. చురుకు చెయ్యి. నెలయినంక నేను వచ్చి, లే బిడ్డా అంటే లేస్తదా? లేవమనుడు గూడ న్యాయం గాదు, దానికి పొట్ట లేదా? అప్పుడు నేను రాజోలికే పోవాలె. మసకనో గిసకనో, తడుముకుంట నేస్తే ఇంకో రెండేండ్లు నడుస్తది అనుకున్న. ఈ ఇంట్ల నాకున్నది ఈ జాగనే గద సుభద్రా."

సుభద్రమ్మకు ఆ మాట సూటిగా తగిలింది.

"ఈ జాగనేనా?" అన్నది. "ఐదేండ్లు ఒక కుండల కూడు తిన్నం. నాకు జ్వరమొస్తే నా తల ఒళ్ల పెట్టుకొని కూసున్నవ్. నేను నిన్ను పనికి పెట్టుకున్ననా? పని అయిపోతే పొమ్మంటననుకున్నవా?"

"నువ్వు అనవు. నేనే ఉండలేను. ఊకె కూసోని తినుడు రాజోలిల చూసిన. చాలు."

మనిషిని ఉండమనడం సులువు. ఊరికే ఉండమనడం శిక్ష. సుభద్రమ్మ మగ్గం మీది నిలువు పోగుల పడుగు వైపు చూసింది. ఆ పడుగులో ఇదే ఆఖరి చీర. ఇంకా మూడు గజాలుంది. చూస్తూ చూస్తూ ఉంటే దారి అక్కడే కనపడింది.

"ఇను. ఈ చీర ఇద్దరమే దింపుదాం. నేను చూస్త, నువ్వు పట్టు. దిగినంక కుట్టు లేని పడుగు ఎక్కిస్త, ఒక్క నాడెది. దానికి పక్క జాగల మనిషే వద్దు. ఏ పిల్ల వస్తది, ఏం పని ఉన్నదని? ఖాళీగ ఉంటది. నీ బుట్ట కూసుంటది ఆడ. నువ్వు వచ్చినంక మల్ల కుట్టుది ఎక్కిద్దాం."

"కుట్టు లేని చీరనా?" జోగమ్మ తల ఎత్తింది. "తమ్ముడు ఏనాడన్న ఈ మగ్గం మీద నేసిండా?"

"తమ్మునికి ఇసొంటి అక్క మొండితనం చేసిందా ఏనాడన్న?"

జోగమ్మ అప్పుడు చాయ్ తాగింది. చల్లారిపోయిందని తిట్టి మరీ తాగింది. అదే ఒప్పుకోవడం అని సుభద్రమ్మకు అర్థమైంది.

ఆ మూడు గజాలు వాళ్లు నేసిన తీరు ఎవరైనా కిటికీలోంచి చూస్తే నవ్వుకునేవాళ్లు. సుభద్రమ్మ తన నాడె విసిరి, మెడ సాచి అంచు మొదలు చూసి, "పట్టింది" అనేది. జోగమ్మ తన నాడె తిప్పేది. పోగును నొక్కే పలక పడేది. మళ్లీ "పట్టింది." నడుమ నడుమ "ఊహూ" అంటే, జోగమ్మ వేలు వెనక్కి వచ్చి పోగును వెతికి పట్టుకునేది. "పట్టింది… పట్టింది… ఊహూ… పట్టింది." రోజుకు జానెడుకు మించి సాగేది కాదు. సీజన్ల మీద వాదనకు నోరు ఖాళీ లేదు. పన్నెండో రోజు చీర దిగింది.

అరుణ్ దాన్ని గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిపాడు. ఎండ ఎక్కడా తొంగి చూడలేదు.

"పెద్దమ్మ మల్ల లైన్ల పడ్డది," అన్నాడు నవ్వి. "వచ్చే పడుగు గూడ కుట్టుదే పంపిస్త."

"ఒక్క నెల నాకు ఒంటి నాడెది పంపు," అన్నది సుభద్రమ్మ.

"అది నీ చేతికి తగిన పని గాదు అక్కా. మనిషి కావాల్నంటే చెప్పు..."

"మనిషి ఉన్నది. కంటి ఆపరేషన్‌కు పోతున్నది. వచ్చేదాక నా పక్కన ఎవ్వరు కూసోరు. నెల దాటినంక కుట్టుది పంపు, వద్దన."

అరుణ్ సుభద్రమ్మ మొహం చూశాడు, తర్వాత లోపల రేకుపెట్టె సర్దుకుంటున్న జోగమ్మను చూశాడు. మూడు సందుల చీర సంగతి అతనికి అప్పుడు తట్టినట్టుంది. "మంచిగ చేపిచ్చుకొని రా పెద్దమ్మా," అని కేకేసి, చీర చంకలో పెట్టుకొని పోయాడు.

వనపర్తికి ముగ్గురూ పోయారు. అక్తర్ బేగం అంతా తనకు తెలిసినట్టు ముందు నడిచింది. ముందుగా కుడి కన్ను. మరునాడు పట్టీ విప్పారు. జోగమ్మ కన్ను చిట్లించి, తెరిచి, నీళ్లు కారి, మళ్లీ తెరిచింది. ముందున్న సుభద్రమ్మను చూసింది. చూస్తూనే ఉంది.

"ఓ పిల్లా, నీ తల గింత ఎప్పుడు నెరిసింది?"

సుభద్రమ్మ చెయ్యి పాపిట మీదికి పోయింది.

"రెండో సీజన్‌ల," అన్నది.

జోగమ్మ చెయ్యి చాపి ఆ వెంట్రుకలను ఒకసారి నిమిరింది. "మంచు అనుకున్న," అన్నది మెల్లగా.

మూడో ఆదివారానికి డాక్టరు టీవీకి సరే అన్నాడు. మగ్గానికి ఇంకా పది రోజులు ఆగమన్నాడు. నల్లద్దాలు పెట్టుకొని, అక్తర్ బేగం ఇంట్లో అందరికంటే ముందు కూర్చుంది జోగమ్మ. మూడో సీజన్ మొదటి నుంచి కాదు, తిన్నగా మూడో ఎపిసోడే పెట్టమన్నది. మిద్దెల మీద ఎండ కనపడగానే, "నిజమే, ఎంత ఎండ ఉన్నదమ్మా," అని ఒప్పుకుంది. కొత్త ఇన్‌స్పెక్టర్‌ను చూసి, "పిల్ల సక్కగనే ఉన్నది, గొంతే లేదు," అన్నది. టీవీలో బీరువా తలుపు దగ్గరికి ఇన్‌స్పెక్టర్ చెయ్యి పోయింది. సుభద్రమ్మ టీవీని కాక వదినను చూస్తూ కూర్చుంది.

చీర తెరిచారు.

"ఆపు! ఆపు అక్తర్‌బీ! ఆడనే ఆపు!"

బొమ్మ ఆగిపోయింది. జోగమ్మ లేచి, టీవీ దగ్గరికి పోయి, చూపుడు వేలు అంచు మీద పెట్టింది. "ఇది గద్వాలా? ఇది గద్వాల చీరనా? ఈ పోగులేంది, మేక కొరికినట్టు? ఈ చీర కోసం మనిషిని సంపిండ్రా? ఈ చీర నేసినోన్ని సంపాలె! ఎవడమ్మా వీళ్లకు చీరలిచ్చుడు, వాని ఇల్లు గూల..."

అక్తర్ బేగం పొట్ట పట్టుకొని నవ్వుతున్నది. పిల్లి కిటికీ దూకి పోయింది. సుభద్రమ్మ మాత్రం గోడకు ఆనుకొని, చేతులు ఒళ్లో పెట్టుకొని, ఆ తిట్లన్నీ ఒక్కటి పోకుండా విన్నది.

తిట్టడం అయిపోయాక జోగమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆయాసపడుతున్నది.

"ఇంక తీర్పు చెప్పుండ్రి," అన్నది అక్తర్ బేగం ఫోను తీసి. "యాస్మిన్ ఎదురు చూస్తుంది. మొదటిదా, మూడోదా?"

"మొదటిదే," అన్నది జోగమ్మ వెంటనే. "మూడోది బాగలేదని ఇప్పుడు కండ్లారా చూసి చెప్తున్న." అని, సుభద్రమ్మ వైపు వంగి, "అరుణ్ పంపే పడుగు ఏ రంగు అంచు?" అని అడిగింది.

"నాకు తెల్వదు. వచ్చినంక నువ్వే చూసి చెప్పు," అన్నది సుభద్రమ్మ.